గుజ్జు అరిగింది అనే మాట గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ హెల్త్ పేజీలో కీళ్ల నొప్పుల మీద వేశారు, బాగానే రాశారు గానీ అందులోనూ అదే మాట, వయసు మీద పడితే గుజ్జు అరుగుతుంది అని. ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మకి ఏడాదిన్నర పోయిందండీ, అందుకే రాస్తున్నా.

అమ్మకి 52 ఏళ్లు. పొద్దున లేచాక రెండు చేతుల వేళ్లూ వాచిపోయి గంటన్నర దాకా పిడికిలి పట్టేది కాదు, ముగ్గేద్దామని పిండి తీసుకుంటే సన్నగా జారాల్సింది ఒక్కచోటే కుప్పగా పడిపోయేది. చూపించిన చోటల్లా గుజ్జు అరిగిందమ్మా, వయసు కదా అని నొప్పి బిళ్లలు రాసిచ్చారు. నొప్పి కాస్త తగ్గేది, వాపు మాత్రం అలాగే ఉండేది. చివరికి రుమటాలజీ డాక్టర్, అంటే కీళ్లవాతం జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే తేలింది, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని. ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున కీళ్ల మీద దాడి చేసే జబ్బు అది.

ఆ డాక్టర్ చెప్పాక నేనూ కొంత చదివా. కీలు లోపలి పొర వాచినప్పుడు అక్కడ చేరిన కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ప్రోటీన్లు వదుల్తాయి, ఇవి గుజ్జుని నేరుగా తినవు, కబురు మోస్తాయి అంతే, ఆ కబురు అందగానే అప్పటిదాకా గుజ్జుని కాపాడుకుంటూ వచ్చిన దాని సొంత కణాలే దాన్ని కోసే ఎంజైములు తయారుచేస్తాయి. ఎంఎంపీ-13 అనే ఎంజైము గుజ్జుకి గట్టిదనం ఇచ్చే కొలాజెన్ పోగుల్ని తెంపుతుంది, ఇంకో రకం ఎంజైములు గుజ్జులో నీటిని పట్టి ఉంచే అగ్రెకాన్‌ని ముక్కలు చేస్తాయి. 1977లోనే హానర్ ఫెల్ అనే ఆవిడ, ఇంకో శాస్త్రవేత్త కలిసి పంది కీలు పొరని, గుజ్జు ముక్కని ఒకదానికొకటి తగలకుండా ఉంచి చూశారట, బతికున్న గుజ్జు దెబ్బతింది, చచ్చిన గుజ్జుకి ఏం కాలేదు, అంటే గుజ్జుని దెబ్బతీసింది దాని సొంత కణాలేనన్నమాట. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. తర్వాత 1990ల్లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే శాస్త్రవేత్తలు టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే పేషెంట్లకి వాపులు తగ్గాయి.

మామూలు మోకాళ్ల అరుగుదలలో కూడా ఈ ప్రోటీన్ల పాత్ర కొంత ఉంది గానీ అక్కడ ఈ మందులు పెద్దగా పనిచేయలేదు, బరువు తగ్గడం, వ్యాయామం అక్కడ ముఖ్యం. అందుకే రెండిట్నీ ఒకే గాట కట్టొద్దంటున్నా.

మీ పేజీలో ఒక చిన్న బాక్స్ వేయండి సార్. పొద్దున్నే బిగుసుకుపోవడం గంటకి పైగా ఉంటే, రెండు చేతుల వేళ్ల కణుపులు వారాల తరబడి వాచి ఉంటే, నొప్పి బిళ్లతో సరిపెట్టకుండా రుమటాలజిస్ట్‌కి చూపించమని, ఈ జబ్బుని పట్టుకోవడానికి చేసే ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షల గురించి అడగమని. ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ మరీ ఖరీదైన మందేం కాదు, కాకపోతే వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది, అది కూడా పెద్ద అక్షరాల్లో వేయండి.

అమ్మకి ఇప్పుడు వాపు తగ్గింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం వంకరపోయాయి, అవి ఇక నిటారుగా రావన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం