అయిదు నిమిషాలంటే ఎవరి నడక?

సంపాదకులకు,

'స్టేషన్‌కు అయిదే నిమిషాలు' అన్న ప్లాట్ల ప్రకటన చూసి కాజీపేటకు పోయాం. మా ఆవిడ, నేను గడియారం చూసుకుంటూ నడిచాం. ఇరవై రెండు నిమిషాలు! బ్రోకర్‌ను అడిగితే "బండి మీద సార్" అన్నాడు.

నేను రోజూ సికింద్రాబాద్ పోయి వస్తుంటా. బడులు, బజార్లు దగ్గరని ఇంట్లో అందరూ హన్మకొండే అన్నారు. నా లెక్క వేరు. బల్లార్షా లైను మీంచి సికింద్రాబాద్ పోయే రైళ్లు వరంగల్‌కు రావు, కాజీపేట నుంచే మలుగుతాయి. విజయవాడ వైపువీ ఇటే వస్తాయి. పొద్దున ఒకటి తప్పితే ఇంకోటి దొరికే ఆశ ఇక్కడే ఎక్కువ. వరంగల్ అవతల నెక్కొండలో చవకని మా బామ్మర్ది ఒక ప్లాటు చూపించాడు గానీ, సీజన్ టికెట్ (రోజూ తిరిగేవాళ్ల రైలు పాసు) 150 కిలోమీటర్ల లోపే ఇస్తారు, సికింద్రాబాద్ నుంచి నెక్కొండ అది దాటిపోతుంది.

చివరికి ఫాతిమానగర్‌లో పాత ఇల్లే కొన్నాం. వంటగది ఇరుకు, ఆ మాట రోజూ వింటున్నా. రైలు కూత మాత్రం మంచం మీదికే వినిపిస్తుంది.

మీ పేపర్లో ఇలాంటి ప్రకటనలకు నిమిషాలు కాకుండా కిలోమీటర్లు రాయించండి. రాత్రి తొమ్మిదిన్నరకు దిగి నడిచేవాడికి దారిలో వీధిదీపాలున్నాయో లేదో కూడా.

- ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు, కాజీపేట