మాకు తలుపు వేసి, ఎవరికి పడితే వాళ్లకు తీశారు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. ఇక్కడ చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటున్నాను. జనం కాగితాలు స్కాన్ చేసి ఒక ప్రభుత్వ కార్యాలయం సర్వర్‌కు పంపుతుంటాం. సర్వర్ లాగిన్ గురించి మూడు అర్జీలు పెట్టాను. రెండు ఒడియాలో, ఒకటి ఇంగ్లీషులో. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే నాకు బాగా వచ్చిన తెలుగులో, నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మొదట్నుంచీ అన్ని సెంటర్లకూ ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్. పని మానేసి వెళ్లిపోయిన కుర్రాళ్లకూ అది నోటికి వచ్చు. మొన్న వేసవిలో సెంటరుకో పేరు ఇచ్చి, ఇక లిస్టులో ఉన్నవాళ్లకే లాగిన్ అన్నారు. ఎంత సంతోషపడ్డామో! మర్నాడు పొద్దున్నే కొత్త పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడగకుండానే "530 పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. పాత పేరు కొడితే వెంటనే తెరుచుకుంది.

కనెక్ట్ అవగానే ఆ సర్వర్ తన పేరు వీఎస్‌ఎఫ్‌టీపీడీ అని చూపిస్తుంది. ఎఫ్‌టీపీ పద్ధతిలో ఫైళ్లు అందుకునే సాఫ్ట్‌వేర్ అది. దాని సెట్టింగుల్లో, లిస్టును వాడమని చెప్పే యూజర్‌లిస్ట్ ఎనేబుల్‌కు ఎస్ (అవును) పెడితే చాలదు సార్, లిస్టులో ఉన్నవాళ్లను ఆపమని చెప్పే యూజర్‌లిస్ట్ డినైకు నో (కాదు) అని కూడా రాయాలి. రాయకపోతే అది ఎస్ మీదే ఉంటుంది. అప్పుడు లిస్టులో ఉన్నవాళ్లను ఆపేసి, లేనివాళ్లను రానిస్తుంది. మాకు జరిగింది అచ్చం ఇదే. ఆ ఒక్క లైను కాగితం మీద రాసుకుని రెండుసార్లు ఆఫీసుకు వెళ్లాను. పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. మళ్లీ అందరం పాత పేరుకే వచ్చాం.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఒక మామ్మ పింఛన్ పని మీద వస్తుంది. పాస్‌బుక్కును పాలిథిన్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకుని తెస్తుంది. ఆమె స్కాన్ మీద అదే ఫైలు పేరుతో ఇంకెవరి స్కానో పడి, ఆమెది పోయింది. మళ్లీ పంపాను, మళ్లీ పోయింది. ఎవరు చేశారని అడగాలి? ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ రాసుకునే లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ చెప్పింది. దాచినా అందులో అందరిదీ ఒకటే లాగిన్ పేరు కదా! మూడోసారి వచ్చినప్పుడు "ఏటి బాబూ, మళ్లీ రమ్మంతావా?" అంది. ఆటోకు డబ్బులు లెక్కపెట్టుకుంటూ మెట్ల మీద కూర్చుండిపోయింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దయచేసి ఆ లైను మార్పించండి. పాత పేరు మూయించండి. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే వెళుతుంది, దారిలో ఎవరైనా చదివేయగలరు. కాబట్టి అన్నీ రహస్య కోడ్‌గా మార్చి పంపే ఎస్‌ఎఫ్‌టీపీకి కూడా మార్పించండి. అది ఆలస్యమైతే కానివ్వండి, ముందు ఆ లైను మార్పించండి సార్. ఆధార్‌లు, పాస్‌బుక్కులు మమ్మల్ని నమ్మి ఇస్తున్నారు. రోజూ టెన్షన్‌తోనే ఆ ఫోల్డర్ తెరుస్తున్నాను.

మామ్మను వచ్చే సోమవారం రమ్మన్నాను. ఆ రోజైనా నా పేరుతో నేను లాగిన్ అయ్యేలా చూడండి.

ఇట్లు,
పర్లాకిమిడిలో ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు