మీ కంపెనీకి నా నాలుగో లేఖ (మొదటి మూడూ ఎవరూ చదివినట్టు లేదు)

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మా జిల్లా కోర్టులో ఐపీ (దివాలా పిటిషన్) వేసే లాయరును చూపిస్తామని డబ్బు కట్టించుకుని 47 రోజులుగా తిప్పుతుండటం గురించి

అయ్యా లేక అమ్మా,

మీ పేరు తెలియక ఇలా రాయాల్సి వచ్చింది. మీ యాప్ అంతా వెతికాను. వెబ్‌సైట్ అడుగు దాకా వెళ్లి చూశాను. డిస్కౌంట్లున్నాయి, మీకొచ్చిన అవార్డులున్నాయి, నవ్వుతున్న లాయర్ల ఫోటోలున్నాయి. కస్టమర్ గోడు వినే మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇంతకు ముందు మూడు లేఖలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు: "మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం." మూడోదానికి మాత్రం కొంచెం అదనంగా, రాత్రి 2 గంటల 11 నిమిషాలకు, "మీ సమస్య పరిష్కరించి టికెట్ మూసివేశాము" అని వచ్చింది. ఆ వేళప్పుడు నిద్ర మానుకుని నా సమస్యను పరిష్కరించిన మహానుభావుడెవరో చెబితే వెళ్లి దండం పెట్టుకుంటాను. పరిష్కారం ఏమిటో కూడా ఆయన్నే అడుగుతాను, నాకైతే ఇంతవరకు తెలియదు.

నేను మీకు కొత్త కాదు. నాలుగేళ్లుగా మీ దగ్గర సభ్యత్వం ఉంది. షాపు అద్దె అగ్రిమెంటు మీ ద్వారానే రాయించాను. మా అమ్మ వీలునామా మీ ద్వారానే. తమ్ముడికీ నాకూ పంపకాల దస్తావేజు మీ ద్వారానే. "లాయరు కావాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఈ యాప్ పెట్టుకో" అని నేను చెప్పి చేర్పించిన ఇళ్లు అయిదారుంటాయి. ఇప్పుడు వాళ్లకు ఎదురుపడాలంటే మొహం చెల్లడం లేదు.

అప్పుల సంగతి ఇక్కడ వివరంగా రాయను. వ్యాపారంలో కొంత పోయింది, ఒకరికి హామీ సంతకం పెట్టి మరికొంత పోయింది, మిగిలింది వడ్డీలు తిన్నాయి. ఇక తీర్చలేనని తేలిపోయాక ఐపీ పెట్టాలనుకున్నాను. "ఫలానావాడు ఐపీ పెట్టాడట" అనే మాట మన జనం ఎలా అంటారో, ఎలా వింటారో మీకు తెలుసో లేదో. అన్నదమ్ములకు చెప్పుకోలేక ఆ మాట మీకు చెప్పుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

కిందటి నెల మొదటి వారంలో రూ.2,499 కట్టాను. నేనడిగింది ఒక్కటే: మా జిల్లా కోర్టులో ఐపీలు వేసే అనుభవం ఉన్న, నేను బస్సెక్కి వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే లాయరు. 24 గంటల్లో ఫోన్ వస్తుందన్నారు. వచ్చింది, కాదనను. ఆయన మొదటి ప్రశ్న: "మీ బ్రాండ్ పేరేంటి సార్? లోగో రెడీగా ఉందా?"

పావుగంట మాట్లాడుకున్నాక ఇద్దరికీ అర్థమైంది. నేను ఐపీ అంటే మీవాళ్లు ఇంటలెక్చువల్ ప్రాపర్టీ అనుకుని ట్రేడ్‌మార్కుల లాయరును పంపారు. ఉన్న పేరే పోతోందని నేను ఏడుస్తుంటే కొత్త పేరు రిజిస్టర్ చేస్తానంటాడాయన. పాపం, ఆయన తప్పేం లేదు.

కస్టమర్ కేర్‌కు చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను. హిందీ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ 4. ఈసారి 20 నిమిషాలు సంగీతం వినిపించి పెట్టేశారు. మూడోసారి ఒక అబ్బాయి దొరికాడు, తెలుగువాడే. ఐపీ అంటే ఆ ఐపీ కాదు బాబూ అని చెబితే "ఓహ్, అర్థమైంది సార్" అన్నాడు. మర్నాడు సైబర్ నేరాల లాయరు ఫోన్ చేసి నా కంప్యూటర్ ఐపీ అడ్రసు అడిగాడు.

ఆ తర్వాత ఒక అమ్మాయి. చాలా మర్యాదగా మాట్లాడింది. ప్రతి వాక్యం చివర "మీ బాధ నేను అర్థం చేసుకోగలను సార్" అంది. ఈసారి ఐపీ అనే మాటే ఎత్తకుండా "దివాలా" అన్నాను, ఏ గొడవా ఉండదని. హైదరాబాద్ నుంచి పెద్ద సంస్థ తరఫున ఒకాయన మాట్లాడాడు. నా కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు కావాలన్నాడు. నాకు కంపెనీ లేదు, షట్టరు ఉన్న షాపుంది అన్నాను. అప్పుడాయన చెప్పాడు: ఎన్‌సీఎల్‌టీ అనేది కంపెనీల దివాలా చూసే ట్రిబ్యునల్, 2020 మార్చి నుంచి అక్కడికి వెళ్లాలంటే కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి, మీలాంటివాళ్లకు అది కాదు అని. రెండు నిమిషాల్లో ఆయన చెప్పిన ఈ ముక్క మీ కంపెనీలో ఒక్కరికీ తెలియదా?

ఆ అమ్మాయికే మళ్లీ చేద్దామంటే మీ దగ్గర ఒకసారి మాట్లాడిన మనిషి రెండోసారి దొరకరు. ప్రతిసారీ కొత్తవాళ్లు, ప్రతిసారీ మొదటి నుంచి. నా అప్పుల కథ మీ ఆఫీసులో కనీసం పదకొండు మందికి చెప్పాను. మా ఇంట్లో ఇద్దరికి తెలుసు.

ఆ పదకొండు మందిలో ఒక కుర్రాడు జాలిపడి సలహా కూడా ఇచ్చాడు. "లాయరు దొరికేలోపు ఇల్లు మేడమ్ పేరు మీదకు మార్చేసుకోండి సార్, అందరూ అదే చేస్తారు" అని. ఈ కాల్ శిక్షణ కోసం రికార్డు చేయబడుతుంది అని మొదట్లో చెబుతారు కదా, దయచేసి ఆ ఒక్క కాల్ మాత్రం శిక్షణలో వాడకండి. ఆ మాట విని ఉంటే నా గతి ఏమయ్యేదో కింద రాస్తాను.

ఇక అసలు సంగతి. ఇరవై ఆరో రోజున "మీకు 2 కిలోమీటర్ల దూరంలో లాయరు దొరికారు" అని మెసేజ్ వచ్చింది. నిజంగా సంతోషించాను. ఫోన్ ఎత్తాను, గొంతు పెద్దమనిషిది. పేరు చెప్పగానే నాకు చెమటలు పట్టాయి. అంతకు రెండు నెలల ముందు రిజిస్టర్డ్ పోస్టులో నాకొచ్చిన నోటీసు కింద సంతకం ఆయనదే. నా మీద ప్రోనోటు దావా వేసిన ఆసామి వకీలు ఆయన! నన్ను గుర్తుపట్టి, "నేను అవతలివాళ్లకు వకాల్తా వేశానండీ, మీతో మాట్లాడకూడదు" అని మర్యాదగా పెట్టేశారు.

ఆయన పెట్టేశారు సరే. కానీ మీ యాప్‌లో నేను నింపిన ఫారం అప్పటికే ఆయన ఫోన్‌కు చేరింది. ఎవరికి ఎంత బాకీ, ఏ ఆస్తి ఎక్కడుంది, ఐపీ వేయబోతున్నానన్న మాట, అన్నీ అందులోనే ఉన్నాయి. సరిగ్గా తొమ్మిది రోజులకు నా షాపులో సరుకు మీద, తీర్పుకు ముందే జప్తు కోరుతూ అవతలివాళ్లు కోర్టులో పిటిషన్ వేశారు. ఆయనే చెప్పారని నేననను, నా దగ్గర రుజువు లేదు. ఆ లాయరుకు, నాకు, మీ కంపెనీకి తప్ప ఈ సంగతి బయట ఎవరికీ తెలియదని మాత్రం అంటాను.

దీని మీదే నా మొదటి లేఖ. ఎదురు వకీలు ఎవరో ముందే అడిగే ఒక్క గడి మీ ఫారంలో ఎందుకు లేదో చెప్పమన్నాను. ఆ ఒకటే జవాబు వెనకాలే "ఈ లాయరుతో మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని వచ్చింది. రెండో లేఖ రాశాక మీ ప్లాన్ త్వరలో ముగుస్తోంది, ఇప్పుడే పొడిగిస్తే 20 శాతం తగ్గింపు అని వచ్చింది. తప్పుడు లాయర్లను పంపారని నాకు ఇంత కోపం లేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు, నా బతుకే ఒక పొరపాట్ల చిట్టా. మనిషి ఇంత మొత్తుకుంటుంటే అటువైపు మనిషన్నవాడే లేకపోవడం, అదండీ నేను తట్టుకోలేనిది. అప్పులవాళ్లు నయం. తిట్టడానికైనా ఇంటికొస్తారు.

చివరికి లాయరు దొరికాడా అంటారా? దొరికాడు. మీకేం సంబంధం లేదు. జప్తు నోటీసు పట్టుకుని కోర్టుకెళ్తే గేటు దగ్గర టైపు కొట్టే ఆయన కాగితం చూసి, "ఐపీలైతే ఆ వేపచెట్టు కింద తెల్లజుట్టాయన్ని అడగండి" అన్నాడు. మూడు నిమిషాల పని. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ పెద్దాయన చెప్పిందేమిటంటే, 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా నాలాంటి మామూలు వ్యక్తులకు దాని భాగం ఇంకా అమల్లోకి రాలేదట. మాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమేనట. ఆ చట్టం ప్రకారం తీర్చలేని బాకీ 500 రూపాయలున్నా పిటిషన్ వేసుకోవచ్చు. వందేళ్ల కిందటి 500 అది, ఎవరూ మార్చలేదు. అప్పులిచ్చినవాళ్ల జాబితా, ఆస్తుల జాబితా దాచకుండా ఇవ్వాలి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు డబ్బేమీ తీసుకోకుండా ఎవరి పేరైనా ఆస్తి రాసి ఉంటే, దివాలా ఉత్తర్వు వచ్చాక కోర్టు దాన్ని రద్దు చేయొచ్చు. "భార్య పేరు మీద పెట్టలేదు కదా?" అని ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న అదే. మీ కుర్రాడు గుర్తొచ్చాడు.

ఇంకో మాట కూడా అడిగాను, ఇంత తెలిసిన మీరు ఆ యాప్‌లో ఎందుకు లేరని. నవ్వాడు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉందట, 36వది. అలా లాయర్లను అంగడిలో పెట్టే వెబ్‌సైట్ల మీద చర్యలు తీసుకోవాలని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో బార్ కౌన్సిల్‌కు చెప్పిందట. ఈ విషయం మీ లీగల్ విభాగానికి తెలిసే ఉంటుంది. లీగల్ విభాగం ఉంటే.

నా రూ.2,499 వెనక్కి ఇవ్వాలి. అది పెద్ద విషయం కాదు, అసలు దాని కోసమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. నా ఫారం ఎంతమందికి పంపారో పేర్లతో సహా రాతపూర్వకంగా కావాలి. మిగతాచోట్ల దాన్ని తుడిచేయాలి. ఆ పదకొండు మందిలో ఎవరో ఒకరు, ఎవరైనా సరే, ఫోన్ చేసి నా పేరు పెట్టి పిలిచి మాట్లాడాలి.

లేదంటే నేనూ కొంత చదువుకున్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు బయట పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మూడింటిలో ఒక్కటీ మీరు సరిగ్గా చేయలేదు. నిన్న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాను. వారంలోగా మీ నుంచి కబురు లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ ఆఫీసు ఎక్కడున్నా నేనున్న జిల్లాలోనే వేయొచ్చు. బార్ కౌన్సిల్‌కు కూడా ఒక కాపీ పంపిస్తాను.

"లాయర్ల సేవల మీద వినియోగదారుల కేసు నడవదు సార్, సుప్రీంకోర్టు చెప్పింది" అని మీ చివరి ఏజెంటు నన్ను బెదిరించాడు. నిజమే, 2024 మేలో చెప్పింది. కానీ మీ షరతుల్లో మీరే రాసుకున్నారు కదా, "మేము లాయర్లం కాము, కేవలం వేదిక మాత్రమే" అని.

పైగా ఆ కమిషన్‌లో నా కేసు నేనే చెప్పుకోవచ్చునట, లాయరు అక్కర్లేదట. కాబట్టి ఈసారి నాకోసం ఎవరినీ వెతికే శ్రమ పడకండి.

ఇట్లు,
రాత్రి 2 గంటల 11 నిమిషాలకు మీరు మూసేసిన టికెట్ తాలూకు మనిషి