తొమ్మిది తుపాకులూ వెనక్కి పంపేశాను

ఉదయగిరి, సీతారామపురం, ఆత్మకూరు వైపు నుంచి చేను కాపలా లైసెన్సు మీద మజిల్ లోడర్‌కు (గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరే తుపాకికి) అడ్వాన్సు కట్టిన తొమ్మిది మంది రైతులకూ, మా నెల్లూరు కొట్టుకు ఏళ్లుగా వస్తున్న పెద్దలకూ చెప్పాల్సిన మాట ఇది. ఈ నెలలో ఇస్తానన్న తుపాకులు ఇవ్వలేకపోతున్నాను. సరుకు వచ్చింది. నేనే తిప్పి పంపాను.

పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. చెక్క నున్నగా ఉంది, గొట్టం మీద ప్రూఫ్ ముద్ర, అంటే పేలుడుకు తట్టుకుంటుందని పరీక్షించిన గుర్తు, ఉంది. కానీ మా నాన్న నేర్పిన పరీక్ష ఒకటి చేయందే కొత్త తుపాకిని నేను కొట్టు దాటనివ్వను. మందూ గుండూ లేకుండా, గొట్టం మూతి ముందు ఎండుటాకు పెట్టి ఉత్త క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న మూత) కొట్టాలి. క్యాప్ కూర్చునే నిప్పిల్ నుంచి లోపలికి నిప్పు వెళ్లే దారి సరిగా ఉంటే ఆకు కదులుతుంది. తొమ్మిదింటిలో అయిదింటికి కదల్లేదు. నూనె అడ్డుపడిందేమోనని తుడిచి మళ్లీ కొట్టాను. ఊహూఁ. నిప్పిల్ విప్పి సన్న తీగ దూర్చి చూస్తే దారి వంకరగా తొలిచి ఉంది.

అలాంటి తుపాకిలో క్యాప్ పేలినా మందు ఆలస్యంగా అంటుకుంటుంది, ఒక్కోసారి అసలు అంటుకోదు. ఆ క్షణంలో చెయ్యి కదిలి గురి తప్పుతుంది. పేలలేదనుకుని గొట్టం పక్కకు తిప్పితే ఆ పక్కనున్న మనిషి ప్రాణమే పోవచ్చు. అసలే లోపల నున్నగా ఉండే గొట్టం, 50 గజాలు దాటితే గుండును నమ్మలేం. అందుకే గురి గురించి అడిగినవాళ్లకు, ప్రతిసారీ ఒకేలా పేలేది చూసుకోమని ముందు చెబుతాను.

మిగతా నాలుగూ ఇచ్చేద్దామా అని మూడు రాత్రులు నిద్రపోలేదు. శనక్కాయ చేలు పీకడానికొచ్చే వేళ పందులు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. చెడ్డ అయిదూ నేనే సరిచేసి ఇద్దామా అనీ అనుకున్నాను. కానీ ప్రూఫ్ అయిన గొట్టాన్ని నేను మళ్లీ తొలిస్తే ఆ ముద్రకు అర్థం ఉండదు. బాగున్న నాలుగూ అదే చేతి పని. ఎవరికివ్వను, ఎవరికి కాదనను?

సరుకు పంపినాయన ఫోన్‌లో ‘ఇన్నేళ్లలో ఆకులు పెట్టి చూసినవాడివి నువ్వే’ అన్నాడు. ఆ మాట ఇంకా మనసులో మండుతోంది. ఆయన దగ్గర ఇక సరుకు తీసుకోను, చవగ్గా ఇచ్చినా సరే.

అడ్వాన్సు శనివారం లోపు మొత్తం తిరిగి ఇస్తాను. ఆగుతామన్నవాళ్ల వరుస మారదు. లైసెన్సులో కొనుగోలు గడువు దగ్గరపడి టెన్షన్ పడుతున్నవాళ్లు పొడిగింపు అర్జీతో పెట్టుకోవడానికి కొట్టు తరఫున ఉత్తరం రాసిస్తాను. పాత తుపాకులున్నవాళ్లు తెస్తే నిప్పిల్ ఉచితంగా చూసి పెడతాను. తుపాకి మందు మసి తేమ పీల్చి గొట్టాన్ని తినేస్తుంది, వాడిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.

వేటకని అడిగేవాళ్లకు మాత్రం నా దగ్గర తుపాకి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. చేలో పడిన పందిని కొట్టాలన్నా లైసెన్సు ఒక్కటే చాలదు, అటవీ శాఖ అనుమతి కావాలి.

కొత్త సరుకుకు తేదీ చెప్పను. వచ్చినప్పుడు మీరే ఆకు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.