అక్కకి మెయిల్: డాక్టర్ పరీక్షలో ఈ చదువుడు గోలేంటంటే

ఫ్రిస్కో, టెక్సాస్
జులై, ఆదివారం

అక్కా,

బావగారి మోకాలు ఎలా ఉంది, అమ్మ బీపీ మాత్ర టైముకి వేసుకుంటోందా. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే చెప్పా, డ్రైవింగ్‌లో ఉన్నా, మధ్యలో సిగ్నల్ కూడా పోయింది, అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని మెయిల్ కొడుతున్నా, పెద్దదైపోతే తిట్టుకోకు, సుధ హాస్టల్ నుంచి వచ్చినప్పుడు దానిక్కూడా చూపించు.

మా చిన్ని చదువు సంగతి చెప్తుంటే "ఆ పిల్లకి బయాలజీ కొట్టిన పిండి కదే, ఇంకా దేనికంత దిగులు, డాక్టరు పరీక్షలో ఈ ఇంగ్లీషు పాఠాలేంటి" అన్నావు కదా. ఇక్కడ ఇంటర్ అవగానే మెడిసిన్ ఉండదక్కా, మామూలుగా నాలుగేళ్ళ డిగ్రీ అయ్యాకే, దానికి ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలి. పొద్దున కూర్చుంటే బ్రేకులతో కలిపి ఏడున్నర గంటలు. నాలుగు సెక్షన్లు, ఫిజిక్స్ కెమిస్ట్రీ ఒకటి, బయాలజీ బయోకెమిస్ట్రీ ఒకటి, సైకాలజీ సోషియాలజీ ఒకటి, ఈ మూడూ కష్టపడి చదివితే లొంగేవే. మిగిలినదాన్ని కార్స్ అంటారు, పాసేజ్ చదివి అందులో వాదనని పట్టుకోవడం అన్నమాట, పిల్లలు హడలిపోయేది దీనికే.

అందులో 9 పాసేజ్‌లు, 53 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒక్కో పాసేజ్ ఐదారొందల మాటలుంటుంది, దాని కింద ఐదు నుంచి ఏడు బిట్లు. అంటే పాసేజ్‌కి పది నిమిషాలు, చదవడమూ అందులోనే, ఆలోచించడమూ అందులోనే. సైన్స్ ముక్క ఉండదు, ఫిలాసఫీ, సంగీతం, నాటకాలు, ఆర్కిటెక్చర్ ఇలాంటివి సగం, చరిత్ర, ఎకనామిక్స్, రాజకీయాలు, ఆంత్రొపాలజీ ఇలాంటివి సగం. వీటి గురించి ముందుగా ఏమీ తెలిసుండక్కర్లేదు, జవాబుకి కావల్సిందంతా ప్రశ్నపత్రంలోనే ఉంటుందని పరీక్ష పెట్టే ఏఏఎంసీ వాళ్ళే చెప్తారు. వినడానికి ఎంత సుఖంగా ఉందో చూడు! కానీ సిలబస్ లేదంటే పూర్తయిందనే మాట కూడా లేదు కదా, బట్టీ కొట్టడానికి ఏమీ లేకపోతే మన పిల్లలకి కాళ్ళూ చేతులూ ఆడవు.

స్కోర్ ఒక్కో సెక్షన్‌కి 118 నుంచి 132 దాకా ఇస్తారు, మొత్తం కలిపి 472 నుంచి 528 (సున్నా ఎందుకు లేదో నన్నడక్కు, బావగారు అడుగుతారని నాకు తెలుసు). చిన్నికి మిగతా మూడూ బాగానే వస్తున్నాయి, ఇది మాత్రం 124 దగ్గర మొరాయించి కూర్చుంది. పోనీలే ఒక్కటే కదా అనుకోడానికి లేదు, కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళయితే ఎంక్యాట్ మొత్తంలో ఈ ఒక్క సెక్షన్ స్కోరే చూస్తారు.

నీకు అర్థమయ్యేలా ఒకటి నేనే కల్పించి చెప్తా. ఒకాయన వ్యాసం రాశాడనుకో. పాత గుళ్ళ మీద తరతరాలుగా వేసిన సున్నం అంతా గీకేసి లోపలి రాయి బయటపెట్టి, ఇదిగో గుడి అసలు రూపం అంటున్నారు, బాగానే ఉంది, కానీ ఆ సున్నం వేసింది కూడా ఆ గుడికొచ్చే భక్తులే, పండక్కి పండక్కి వాళ్ళ చేత్తో వేసుకున్నదే, అది గుడి చరిత్ర కాదా, కట్టినప్పటి రోజే అసలుది, తర్వాతదంతా మురికి అని తేల్చిందెవరు అని ఆయన గొడవ. శిల్పాలు చూడముచ్చటగా బయటపడ్డాయని కూడా మధ్యలో ఒప్పుకుంటాడు.

ఇప్పుడు ప్రశ్న, ఈ రచయిత కింది వాటిలో దేన్ని ఒప్పుకుంటాడు? ఒకటి, గుడి మీద సున్నం ఎప్పుడూ తీయకూడదు. రెండు, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది. మూడు, అసలు రూపం ఏదో నిర్ణయించడంలో ఎవరో ఒకరి ఎంపిక ఉంటుంది. నాలుగు, గుళ్ళని కాపాడటం ఊరివాళ్ళకి తెలిసినంత ఆర్కియాలజీ వాళ్ళకి తెలీదు.

నువ్వేది పెడతావో నాకు తెలుసులే, టీచరమ్మవి కదా, మూడోదే. చిన్ని రెండోది పెట్టింది! ఎందుకే అంటే "అది కెమిస్ట్రీ ప్రకారం కరెక్టే కదా మమ్మీ" అంటుంది. కరెక్టే కావచ్చు, కానీ ఆయన ఎక్కడన్నాడు ఆ మాట? మొదటిదాంట్లో "ఎప్పుడూ" అని ఉంది, శిల్పాలు బాగున్నాయని ఒప్పుకున్నవాడు అంత గట్టిగా అనడు. నాలుగోది ఆయన మాటని పది అడుగులు ముందుకి లాక్కెళ్ళింది, భక్తుల చెయ్యి కూడా చరిత్రే అన్నాడు గానీ వాళ్ళకే ఎక్కువ తెలుసు అనలేదు. ఇలా మూడు ఆప్షన్లూ ఎందుకు తప్పో చెప్పగలిగితేనే మిగిలిన సరైనది వచ్చినట్టు లెక్క, లేకపోతే గుడ్డిగా కొట్టినట్టే.

ఇక్కడితో అయిపోదు. తర్వాతి ప్రశ్నలో, ఆ సున్నం భక్తులు వేసింది కాదు, పైనుంచి ఆర్డరొస్తే కూలీలకి డబ్బులిచ్చి వేయించారని కాగితాలు దొరికాయి, అప్పుడు రచయిత వాదన ఏమవుతుంది అని అడుగుతాడు. పాసేజ్‌లో ఈ ముక్కే లేదు. కానీ ఆయన వాదన ఏ స్తంభం మీద నిలబడిందో నీకు తెలిస్తే ఇట్టే చెప్పేస్తావు, సున్నంలో భక్తి ఉంది అన్నది పోతే సగం వాదన కూలిపోయినట్టే, మిగతా సగం, అంటే అసలు రూపం ఏదో ఎవరు తేల్చారన్నది మాత్రం అలాగే ఉంటుంది. ఇలా బయటి సంగతి తెచ్చి తగిలించి అడిగేవి, పాసేజ్‌లో ఉన్నదాన్ని ఇంకోచోట పెట్టి చూడమనేవీ కలిపి దాదాపు నలభై శాతం ఉంటాయి. పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది వీటి దగ్గరే.

బావగారికి ఈ పరీక్ష పెడితే చూడాలని ఉంది నాకు, పేపర్లో ఎడిటోరియల్ రెండో పేరాకి రాకముందే "అబద్ధం, వీడికేం తెలుసు" అని టీపాయ్ మీద కొడతారు కదా. నవ్వుతున్నా గానీ నిజంగా ఈ సెక్షన్‌లో దెబ్బ తగిలేది అక్కడే అక్కా. అవతలివాడు చెప్పింది నీకు నచ్చకపోయినా, నీకు అంతకంటే ఎక్కువ తెలిసినా, ఆ పది నిమిషాలూ వాడి మాట వాడు అన్నట్టే పట్టుకోవాలి. డాక్టర్లకి ఇదెందుకు అన్నావు, పోయినేడు అమ్మ రెండో మాట అనకముందే మందులు రాసి పంపించేసిన ఆ డాక్టర్ని ఇంటికొచ్చేదాకా తిట్టింది నువ్వే కదా.

ప్రాక్టీస్ సంగతికొస్తే, మొదట్లో చిన్ని రోజూ పాసేజ్ మీద పాసేజ్ కొట్టేసేది, టైమర్ పెట్టుకుని, తప్పులు లెక్కపెట్టుకుని, మూడ్ పాడు చేసుకుని పడుకునేది. స్కోర్ మాత్రం అంగుళం కదల్లేదు. వాళ్ళ కాలేజీలో సీనియర్ పిల్ల ఒకామె చెప్పాక పద్ధతి మార్చింది. ఇప్పుడు చేసేవి తక్కువ, వాటి మీద కూర్చునేది ఎక్కువ. ముందు టైమర్ తీసేసింది. ఒక నోట్‌బుక్ పెట్టింది, తప్పయినవే కాదు, ఊహించి కొడితే తగిలినవి కూడా అందులో రాస్తుంది, జవాబు పాసేజ్‌లో ఏ లైన్లో ఉంది, నేను పెట్టిన ఆప్షన్ నాకెందుకు నచ్చింది అని. ఆ రెండో ప్రశ్నే బంగారం. నాలుగు పేజీలు నిండేసరికి దాని రోగం దానికే కనబడింది, ఒకటి ఈ సున్నం కథలోలాగా తనకి తెలిసిన సైన్స్ తెచ్చి కలపడం, రెండోది పాసేజ్‌లోని మాటలే అచ్చంగా ఆప్షన్లో కనిపిస్తే టక్కున దాన్ని పట్టుకోవడం. ఆ ఆప్షన్లు తయారుచేసేవాళ్ళు ఘటికులే, రచయిత మాటలే వాడి అర్థం తిరగేసి పెడతారు.

నా వాటా ఏంటంటే సాయంత్రం నేను కూర తరుగుతుంటే అది చదివింది నాకు చెప్పాలి. నేనడిగేది ఒక్కటే, "ఈయన ఎవరితో గొడవ పడుతున్నాడే?" మొదట్లో అంతా సమ్మరీ చెప్పేది, ఇది అన్నాడు తర్వాత అది అన్నాడు అని. అది కాదే, ఎవడో ఒకడు ఏదో అన్నాడు, ఈయనకది నచ్చలేదు, ఆ ఎవడో ఎవడు అని పట్టుబడితే అప్పుడు మళ్ళీ లాప్‌టాప్ దగ్గరికెళ్ళి "కానీ", "అయినా" లాంటి మాటలున్న చోట వెతుక్కుని వచ్చి చెప్తుంది. స్క్రీన్ మీద పసుపురంగు పూయడం కూడా తగ్గింది, ఇదివరకు పేజీ పేజీ పసుపే, ఇప్పుడు ఆ మలుపుల దగ్గర మాత్రమే.

ఈ నెల నుంచి మళ్ళీ టైమర్ పెట్టింది. కార్స్ అసలు పరీక్షలో రెండో సెక్షన్‌గా వస్తుంది, అది అయ్యాకే లంచ్ బ్రేక్ అరగంట, అందుకని శనివారాలు ముందు గంటన్నర కెమిస్ట్రీ చేసి అలసిపోయాకే దీనికి కూర్చుంటోంది. ఏఏఎంసీ వాళ్ళ సొంత ప్రాక్టీస్ పేపర్లు ఇన్నాళ్ళూ దాచుకుంది, ఇప్పుడు తీసింది. వేరే కంపెనీల ప్రశ్నలతో పోలిస్తే వీటి నడక వేరుగా ఉంటుందట. స్కోర్ కాస్త కదిలిందిలే, ఎంతో చెప్పను, దిష్టి.

సుధకి ఇదంతా పనికొస్తుందా అంటే, నీట్‌కి నేరుగా పనికిరాదు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకి మైనస్ ఒకటి, వాళ్ళ లాంగ్ టర్మ్ సార్లు చెప్పినట్టు ఎన్‌సీఈఆర్టీ లైను లైను తినాల్సిందే. ఇక్కడ మైనస్ లేదు, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావాలి, ఆ ఒక్క అలవాటు మాత్రం దానికి అంటించకు. కానీ తప్పయిన బిట్ దగ్గర ఎందుకు నచ్చింది అని రాసుకునే ఆ నోట్‌బుక్ సంగతి మాత్రం చెప్పు, అసర్షన్ రీజన్ ప్రశ్నల్లో తడబడుతోందన్నావు కదా, రెండు వాక్యాలూ నిజమే గానీ రెండోది మొదటిదానికి కారణమా కాదా అన్నది కూడా ఇలాంటి తూకమే.

చిన్ని పరీక్ష ఆగస్టు చివర్లో. రిజల్ట్ ఇంకో నెలకి గానీ రాదు. అప్పటిదాకా ఎంతొచ్చింది ఎంతొస్తుంది అని ఎవరూ ఫోన్లో అడగొద్దని అమ్మకి నువ్వే చెప్పు, నేను చెప్తే వినదు, పైగా దేవుడికి మొక్కానని దానికే ఫోన్ చేసి చెప్తుంది, అది ఇంకా కంగారు పడుతుంది. వచ్చేనెల సుబ్బారావు బాబాయి వాళ్ళమ్మాయి వస్తోందిగా, దాని సూట్‌కేసులో చోటుంటే గోంగూర పచ్చడి ఒక సీసా పెట్టు, నూనె కారకుండా కవర్లు రెండు చుట్టు.

నీ
చెల్లి