ఆ విటమిన్ డి పౌడర్ షుగర్ మందు కాదండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మా మేనత్తని చూడ్డానికి వెళ్తే మనిషి సగమైపోయి ఉంది. ఒకటే వాంతులు, మలబద్ధకం, చెంబులకి చెంబులు నీళ్లు తాగుతున్నా దాహం తీరట్లేదు, షుగర్ బాగా పెరిగిపోయిందేమో అనుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో కాల్షియం చాలా ఎక్కువుంది, క్రియాటినిన్ కూడా పెరిగింది, కిడ్నీల మీద పడుతోంది అన్నారు. ఏం మందులు వాడుతున్నావమ్మా అని డాక్టర్ గారు అడిగితే చేతి సంచిలోంచి విటమిన్ డి సాచెట్ల డబ్బా తీసింది. రోజూ పొద్దున్నే ఒకటి పాలల్లో కలుపుకుని తాగిందంట, దాదాపు నలభై రోజులు! ఒక్కో సాచెట్లో 60,000 యూనిట్లు. మామూలు మనిషికి రోజుకి 600 యూనిట్లు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది, అంటే ఒక్క ప్యాకెట్ నూరు రోజుల లెక్క, అందుకే డాక్టర్లు వారానికొకటి, అదీ కొన్ని వారాలే రాస్తారు.

ఎందుకత్తా రోజూ తాగావ్ అంటే, ఊళ్లో షుగర్ క్యాంప్ పెట్టినప్పుడు ఒకాయన చెప్పాడంట, ఇది తాగితే తిన్న అన్నంలోని చక్కెరని పేగు పీల్చుకోదు, అట్లే బయటికి పోతుంది అని. రోజూ అన్నం తింటాం కదా, రోజూ తాగాల్లే అనుకుంది. ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది, ఆ మాట చెప్పినోళ్లదే తప్పు.

అన్నమైనా ముద్దయినా ఇడ్లీ అయినా పేగులోకొచ్చేసరికి గ్లూకోజ్ అవుతుంది, చిన్నపేగు గోడల్లో ఉండే ఒక ప్రోటీన్ దాన్ని ఉప్పులోని సోడియంతో జత చేసి లోపలికి లాగుతుంది. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్‌లో గ్లూకోజూ ఉప్పూ రెండూ ఉండేది అందుకే, ఆ రెండూ కలిసి పోతూ నీళ్లని కూడా వెంట తీసుకెళ్తాయి. విటమిన్ డి పేగులో చేసే అసలు పని కాల్షియం, ఫాస్ఫరస్ ఒంటికి పట్టేలా చేయడం, మా అత్తకి కాల్షియం అంత పెరిగింది కూడా దాని వల్లే. గ్లూకోజ్ దారిని అది మూసేస్తుందని మనుషుల్లో ఎక్కడా తేలలేదు. పేగు దగ్గర పనిచేసే షుగర్ మాత్ర నిజంగానే ఒకటుంది, వోగ్లిబోస్, మొదటి ముద్దతో వేసుకునేది, అది కూడా గ్లూకోజ్‌ని ఆపదు, పిండిపదార్థం అరగడాన్ని నిదానం చేస్తుంది, అంతే.

అలాగని విటమిన్ డికీ షుగర్‌కీ సంబంధమే లేదని నేను అనట్లేదు. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం కణాల్లో విటమిన్ డి రిసెప్టర్లు, అంటే విటమిన్ డి వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లు, ఉన్నాయి. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 2,423 మందిని తీసుకుని సగం మందికి రోజుకి 4,000 యూనిట్లు, మిగతావాళ్లకి మందులేని ఉత్త మాత్ర ఇచ్చి రెండున్నరేళ్లు చూశారు, 2019లో ఫలితం చెప్పారు, విటమిన్ వాడినవాళ్లలో కాస్త తక్కువమందికే షుగర్ వచ్చింది గానీ ఆ తేడా విటమిన్ వల్లే అని గట్టిగా చెప్పేంత లేదు. అది కూడా షుగర్ ఇంకా రానివాళ్ల సంగతి, మా అత్తలా పదేళ్ల నుంచి మాత్రలు మింగుతున్నవాళ్లది కాదు.

మనవాళ్లలో విటమిన్ డి లోపం ఎక్కువే, అదీ నిజమే, తిరుపతి డాక్టర్లు ఎప్పుడో చూపించారు, పైగా మన దగ్గర పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉండే ఎండకే చర్మంలో విటమిన్ డి బాగా తయారవుతుందని కూడా వాళ్లే చెప్పారు. లోపం ఉందని పరీక్షలో తేలితే డాక్టర్ రాసినన్ని వాడుకోవాలి, వద్దనట్లేదు.

ఆరోగ్యశాఖ వాళ్లని మీ పేపర్ ద్వారా అడిగేది రెండే. క్యాంపుల్లో మందు చేతికిచ్చేవాళ్లు ఎవరో, ఏం చెప్పి ఇస్తున్నారో ఒకసారి వచ్చి చూడండి. ఆ సాచెట్ మీద పెద్దక్షరాలతో తెలుగులో "వారానికి ఒక్కటి మాత్రమే, డాక్టర్ చెప్తేనే" అని వేయించండి. మా అత్త ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు బాగానే చదువుతుంది, ఆ ప్యాకెట్ మీద ఆమె చదవగలిగిన అక్షరం ఒక్కటి కూడా లేదు.

ఇట్లు
మీ పాఠకురాలు, పీలేరు