ఆ చక్కెర తొడుగు సంగతీ చెప్పండి

సంపాదకులు గారికి,

సత్యనారాయణపురంలో పసిపిల్లలకు న్యుమోకోకల్ టీకా అనగానే "మళ్ళీ ఇంకో సూదా?" అంటున్నారు తల్లులు. ఎందుకో ఎవరూ చెప్పకపోతే అడగరా మరి! న్యుమోనియా తెచ్చే ఈ న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా తన చుట్టూ చక్కెర పదార్థంతో తొడుగు కట్టుకుని, తెల్లరక్తకణాలకు చిక్కకుండా చేపలా జారిపోతుంది. తొడుగుకు యాంటీబాడీలు అంటుకుంటే తెల్లరక్తకణాలు దాన్ని తేలిగ్గా మింగేస్తాయి. కానీ 2 ఏళ్ళలోపు పిల్లల ఒంట్లో ఉత్త చక్కెరకు యాంటీబాడీలు సరిగా తయారవవు. అందుకే టీకాలో దాన్ని ప్రోటీన్‌కు జతచేస్తారు. అప్పుడు యాంటీబాడీల తయారీకి తోడ్పడే టి కణాలు సాయానికొస్తాయి. భలే ఉపాయం! తొడుగుల్లో 100 దాకా రకాలున్నా టీకాలో ఉన్నవి కొన్నే, ఆ మాటా దాచకూడదు. 6, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. టీకా కార్డు వెనక ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయించాలి.

— ఒక పాఠకురాలు, విజయవాడ